గోడ మీద లేని తొమ్మిది

సమ్మె మొదలయ్యాక మా అందరి చేతులూ తెల్లబడ్డాయి. పెంకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడి గోళ్ళలో, అరచేతి గీతల్లో, మణికట్టు ముడతల్లో ఎర్రమట్టి కాపురం ఉంటుంది. తోమితే పోదు. పని ఆగితే దానంతట అదే పోతుంది. అందరివీ పోయాయి. నా బావమరిది కుడిచేతి వేళ్ళు మాత్రం ఎర్రగానే ఉన్నాయి.

అతను అన్నం కలుపుకుంటుంటే చూశాను. అడగలేదు. అప్పటికే మా వీధిలో ఎవరూ ఎవరినీ ఏదీ సూటిగా అడగడం మానేశారు.

మా వీధి చాలా చిన్నది. ఒకవైపు ఒకటి, మూడు, ఐదు అంటూ పదమూడు దాకా బేసి నంబర్ల ఇళ్ళు. వాటిలో ఉండేది కూలీలం. ఎదురుగా సరి నంబర్ల ఇళ్ళు. గుమస్తాలు, డ్రైవర్లు, రెండో నంబరులో గేటు కాపలాదారు. ఒకటో నంబరు సంఘం ఆఫీసు, అందులో ఎవరూ కాపురం లేరు. మాది తొమ్మిది. మా ఇంట్లో నేను, నా భార్య, ఆమె తమ్ముడు. వీధి చివర ఫ్యాక్టరీ గోడ. సమ్మెకు ముందే దానికి సున్నం కొట్టించారు. ఇంటి తలుపు తీస్తే ఆ తెలుపే కంట్లో పడేది.

లారీలను ఆపాలని సంఘం ఒక రోజు నిర్ణయించింది. గేటుకు అడ్డంగా పడుకోవాలి. ఆ మాట బేసి వైపు ఇళ్ళ గడప దాటలేదు. తీరా మేం పడుకునేసరికి ఫ్యాక్టరీ వెనక గోడ పగలగొట్టి లారీలను అటు నుంచి పంపించేశారు. గునపాలు పట్టుకునే మనుషుల్ని ముందే పిలిపించుకున్నారంటే, చెప్పినవాడు మాలోనే ఉన్నాడు. దుమ్ము దులుపుకుని లేచి, వచ్చిన దారినే తిరిగొచ్చాం. పక్కవాడి భుజం తగలకుండా నడిచాం.

గోడ మీద రాతలు ఆ తర్వాతే మొదలయ్యాయి.

తెల్లటి సున్నం మీద పెంకు ముక్కతో గీసిన ఎర్రటి అంకెలు. మొదట 5+2! అని ఒకటి. ఇంకో రోజు దాని కింద 5+3!. ఆ తర్వాత 7+3!, 7+4!. రోజూ తెల్లారేసరికి కొత్తది కనబడేది. కాపలా పెడదామన్నారు. ఎవరిని పెట్టాలన్న దగ్గరే ఆ మాట ఆగిపోయింది.

ఏడో నంబరులో ఉండేది బట్టీ కాల్చే మనిషి. అతన్ని మేం మైకు అంటాం. అతను గుసగుసలాడితే రెండు వీధులకు వినబడుతుంది. ఒక పొద్దున కుళాయి దగ్గర బిందె కింద పెట్టి గోడ వైపు చెయ్యి చాపాడు.

"ఏడు మా ఇల్లు. మొదట మూడన్నారు. మా అమ్మ ఊరి నుంచి దిగిందా, నాలుగన్నారు. నిన్న మా బావగారు వచ్చారు. ఇవాళ చూడండి, ఐదు. మా ఇంట్లో ఎవరు అడుగుపెట్టినా వాడికి తెలుస్తోంది."

"ఐదో నంబరు కూడా అంతే," అన్నారెవరో. "వాళ్ళ కూతురు పురిటికి వచ్చినప్పుడు మూడు. పిల్ల పుట్టాక నాలుగు రాశారు."

"మరి ఆ నిలువు గీత ఏంటి?"

"గీతా? అది కర్ర," అన్నాడు మైకు. "కింద చుక్క చూశావా? ఎర్రగా ఉంది. అదేంటో కూడా నేనే చెప్పాలా?"

నేను మాట్లాడేవాణ్ణి కాను. ఆ రోజెందుకో నోరు జారింది. "బళ్ళో దాన్ని ఆశ్చర్యార్థకం అనేవారు."

"అంతేలే. కర్ర నెత్తిన పడితే ఎవడైనా ఆశ్చర్యపోతాడు."

ఎవరూ నవ్వలేదు. అప్పుడే రెండో నంబరు కాపలాదారు తన కర్రతో సహా వీధి దాటి మా వైపు వచ్చాడు. అతను కంపెనీ మనిషి. మాతో మాట్లాడకూడదు. గోడ మీద చిట్టచివర 2+1! అని ఉంది.

"నాకు ఒకటి వేశారు," అన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. "ఒంటరివాణ్ణని కూడా కనిపెట్టారు. నన్నూ మీలో కలుపుకోండయ్యా."

"ముందు ఆ కర్ర అవతల పారెయ్యి, చూస్తే భయంగా ఉంది," అన్నాడు మైకు.

సంఘానికి పెద్ద ప్రెస్సాయన. పెంకులు అచ్చు వేసే ప్రెస్సు నడుపుతాడు, మూడో నంబరులో ఉంటాడు. 3+2! అని అతనికీ ఉంది; ఇంట్లో ఉండేది అతనూ భార్యా. అతను గోడను ఈ చివర నుంచి ఆ చివర దాకా చదివాడు. మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు. చదివి నా వైపు తిరిగాడు.

"మీ నంబరు ఏదయ్యా?"

నేనూ గోడ వైపు చూశాను, మొదటిసారి చూస్తున్నట్టు. లేదని నాకు ముందే తెలుసు. మూడు రోజులుగా వెతుకుతున్నాను.

"లేదన్నా."

"అందరివీ రాసినవాడు మీదొక్కటే మర్చిపోయాడా?"

"ఒకటి కూడా లేదుగా."

"ఒకటి ఆఫీసు. అందులో కొట్టడానికి బెంచీలు తప్ప ఏమున్నాయి?" అన్నాడు మైకు. బిందె ఎత్తుకుని ఒక అడుగు పక్కకు జరిగాడు. మిగతావాళ్ళూ జరిగారు. కుళాయి ముందు నేనొక్కణ్ణే మిగిలాను. ఎప్పుడూ అంత తొందరగా నీళ్ళు దొరకలేదు నాకు.

ప్రెస్సాయన ఆ సాయంత్రం మా అరుగు దాకా వచ్చాడు. కూర్చోలేదు.

"ఆదివారం సంఘం కూర్చుంటుంది. ఈలోగా నువ్వే వచ్చి చెబితే మర్యాదగా ఉంటుంది."

"నాకేం తెలియదన్నా."

"సరే. రేపో మాపో ఫ్యాక్టరీ తెరుస్తారు. ఎప్పటికైనా తెరవాల్సిందేగా. నీకు పెంకు అందించే చెయ్యి ఉండదు. తర్వాత నీ ఇష్టం."

బయటివాళ్ళకు ఇది చిన్న మాటలా ఉంటుంది. పచ్చి పెంకు ప్రెస్సు మీద నుంచి షెడ్డు దాకా చేతులు మారుతూ వస్తుంది. నేలమీద పెట్టకూడదు, వంగిపోతుంది. మనుషులు వరసగా నిలబడి ఒకరికొకరు అందించుకోవాలి. చివర నేను అరల్లో పేరుస్తాను. నా ముందువాడు ముఖం తిప్పుకున్నాడంటే నేను షెడ్డులో నిలబడ్డ గుంజను. మేనేజరు తీసేస్తే బతిమాలుకోవచ్చు. చెయ్యి అందకపోతే బతిమాలడానికి మనిషి కూడా ఉండడు. పని పోతే ఇల్లూ పోతుంది, ఆ ఇల్లు పనితో వచ్చిందే కాబట్టి.

నా భార్య తలుపు చాటు నుంచి అంతా విన్నది. లోపలికి వెళ్ళాక, "ఆదివారం అన్నాడా?" అని మాత్రం అడిగింది. ఆమె తమ్ముడు గోడకు చేరగిలబడి పైకప్పు పెంకుల వైపు చూస్తూ ఏదో గొణుక్కుంటున్నాడు. తెల్లవారుజామున అతను లేచి వెళ్ళినప్పుడు నేనూ లేచాను.

కంపెనీవాళ్ళు పగలగొట్టిన వెనక గోడ సందులోంచి అతను లోపలికి దూరాడు. లారీలు వెళ్ళిన దారి. మేనేజరు గది వైపు తిరుగుతాడని చూశాను. తిరగలేదు. ఆరబెట్టే షెడ్డులోకి, నేను పేర్చే అరల మధ్యకు వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. నేలంతా పుల్లతో గీసిన అంకెలు. గోడ మీద ఉన్నవాటికన్నా ఎన్నో రెట్లు.

"ఎవరికోసంరా ఇదంతా?" అన్నాను.

ఉలిక్కిపడతాడనుకున్నాను. తలెత్తలేదు. "వచ్చావా బావా. కాస్త ఆగు, పదమూడుకి ఇంకోటి తేలేట్టుంది."

"పదమూడులో ఎవరుంటారో నీకు తెలుసా?"

"పదమూడులో ఎవరుంటారు? పదమూడే ఉంటుంది." అప్పుడు తలెత్తి నా ముఖం చూశాడు. "ఏమైంది?"

చెప్పాను. ఇళ్ళ నంబర్లు, కర్ర, నెత్తుటి చుక్క, మైకు వాళ్ళ బావగారు. చెబుతున్నంతసేపూ అతని కళ్ళే చూశాను. నాకు మనుషుల మాట కన్నా కనురెప్పల మీద నమ్మకం ఎక్కువ. అతను మొదట నవ్వాడు, తర్వాత నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

"ఇళ్ళ నంబర్లా? అయ్యో బావా. ఇవి ప్రధాన సంఖ్యలు."

"బళ్ళో విన్నాను. వేటితో భాగించినా పోనివి."

"అవే. ఆ గీతా చుక్కా ఉంటే, ఒకటి నుంచి అక్కడి దాకా అన్నీ గుణించమని. నాలుగు పక్కన ఉందనుకో, ఒకటి, రెండు, మూడు, నాలుగు గుణిస్తే ఇరవై నాలుగు. దానికి ఐదు కలిపితే ఇరవై తొమ్మిది. అదీ ప్రధాన సంఖ్యే. ప్రధాన సంఖ్యకి ఇలాంటిది కలిపితే మళ్ళీ ప్రధాన సంఖ్యే వస్తుందా అని చూస్తున్నా. కొన్నిటికి వస్తుంది, కొన్నిటికి విరిగిపోతుంది. ఎప్పుడొస్తుందో ముందుగా చెప్పలేం. నిలబడ్డవే గోడ మీద పెడుతున్నా."

నాకు మాటలతో పని లేదు. కాలిన పెంకులు ఇరవై తొమ్మిది తీసి నేలమీద పేర్చడం మొదలుపెట్టాను. నా పనే అది. కుప్పను చూసి ఎన్ని వరసలు నిండుతాయో చెప్పగలను. రెండేసి పెట్టాను, ఒకటి మిగిలింది. మూడేసి పెట్టాను, రెండు మిగిలాయి. ఐదేసి, ఏడేసి, దేనికీ లొంగలేదు. ఒక్క పొడుగాటి వరసగా తప్ప ఆ పెంకులు కుదురుగా కూర్చోనన్నాయి. అతను పక్కన కూర్చుని, నేను ఓడిపోతుంటే సంతోషంగా చూశాడు.

"ఐదుకి నాలుగు దాకే రాశావు. ఐదు రాయలేదేం?"

"రాదు బావా. ఐదు దాకా గుణించావంటే ఐదు లోపలికి వచ్చేసింది. బయట ఒక ఐదు, లోపల ఒక ఐదు. కలిపితే ఐదుతోనే విరుగుతుంది. ఏ సంఖ్యకైనా అంతే. తాను లోపలికి వచ్చేలోగానే నిలబడాలి. వచ్చాక ఇంకెంత పెద్దది చేసినా తానే విరగ్గొట్టుకుంటుంది."

నేను ఆ మాటను సంఖ్యల గురించి విన్నట్టు వినలేకపోయాను.

"గోడ మీదే ఎందుకురా? ఊళ్ళో కాగితాలు లేవా?"

అతను పుల్లతో నేలను చెరిపాడు. కాలేజీ సగంలో ఆపి మట్టి తూచే పనిలో చేరినప్పటి నుంచి అతను ఈ మాటలు ఎవరితోనూ అని ఉండడు. మేం ఎవరం అడగలేదు.

"తెలిసినవాడు ఎవరైనా ఆ వైపు వస్తే, చూసి, పక్కన ఇంకోటి రాస్తాడేమోనని."

"రాశారా?"

"ఇంకా లేదు."

"మరి తొమ్మిది?"

కాలితోనే తొమ్మిది పెంకులు లాగి మూడేసి మూడు వరసలు పెట్టాడు. ఒక్కటీ మిగల్లేదు. "ఇదిగో తొమ్మిది."

"గోడ మీద రాసెయ్యి."

"ఎలా రాస్తాను? మొదలే విరిగిపోయే సంఖ్య. నిలబడేవాటి మధ్య దాన్ని పెడితే అబద్ధం కదా."

"మన ఇల్లు పోతుందిరా."

"సంఘం దగ్గరికి నేనొస్తాను. ఇది లెక్క అని చెప్తాను."

"చెప్పు. మైకుకి నీ లెక్క తలకెక్కేలోగా నీ తల ఉండదు. తెల్లవారుజామున, లారీలు పోయిన సందులోంచి దూరి, పెంకులు పేర్చి లెక్కలు చేశాడట అంటే ఎవడు నమ్ముతాడు?"

అతను పుల్ల కింద పెట్టాడు. "నువ్వు నమ్మావా బావా?"

నేను పెంకులు తీసుకెళ్ళి అరలో పెట్టాను. లెక్క నమ్మాను. దాన్ని నా చేతులతోనే పేర్చి చూశాను. లారీల సంగతి ఇంకా తేల్చుకోలేదు. ఇద్దరం వేరువేరు దారుల్లో ఇంటికి వెళ్ళాం. నా భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎక్కడికని అతన్నీ అడగలేదు, నన్నూ అడగలేదు.

ఆదివారం పొద్దున మైకు గొంతు విని నాకు మెలకువ వచ్చింది. నా పేరు కాదు, నా నంబరు అరుస్తున్నాడు. బయటికి వచ్చేసరికి వీధంతా గోడ దగ్గర ఉంది. మిగతా రాతలకు కాస్త దూరంగా, కాస్త కిందుగా, లావుగా నొక్కి రాసిన అంకెలు: 9+5!. కింది చుక్కను తిప్పి తిప్పి గుండ్రంగా దిద్దారు.

మైకు వచ్చి నన్ను పట్టుకుని ఊపేశాడు. "తమ్ముడూ, నిన్ను అనుమానించాను. తీసి కొట్టు నన్ను. నువ్వూ మాలో ఒకడివే!"

కొట్టించుకోవాల్సినవాళ్ళలో ఒకణ్ణయినందుకు అందరూ నా భుజం తట్టారు. ప్రెస్సాయన తల పంకించి, "సంఘం కూర్చునే పని లేదిక," అన్నాడు. నేను బావమరిది మెత్తబడ్డాడనుకున్నాను. అంతలో అతనే చొక్కా గుండీలు పెట్టుకుంటూ మా ఇంట్లోంచి పరుగున వచ్చాడు. జనాన్ని తోసుకుని నా చెవి దగ్గరికి చేరాడు.

"బావా, రాశారు! ఎవరో రాశారు!"

అలాంటి ముఖం నేను ఎవరికీ చూడలేదు, పెళ్ళి పీటల మీద కూడా. తర్వాత అతని పెదవులు కదిలాయి.

"నూట ఇరవై. తొమ్మిది. నూట ఇరవై తొమ్మిది... మూడుతో పోతుంది." వెలుగు కొంచెం తగ్గింది, పోలేదు. "తప్పు చేశారు బావా. పర్వాలేదు, మొదటిసారి కదా. తొమ్మిది తీసుకోకూడదని చెబితే చాలు."

వంగి పెంకు ముక్క తీసుకున్నాడు. నేను చెయ్యి పట్టుకునేలోగా గోడ ముందు ఉన్నాడు. వీధి వీధంతా అతని వీపు చూస్తోంది. అతనికి ఆ తొమ్మిది తప్ప ఏమీ కనబడటం లేదు. ముక్క పట్టుకున్న చెయ్యి లేచింది.

"తమ్ముడూ."

నా భార్య మా గడపలో నిలబడి ఉంది, చేతులు వెనక్కి పెట్టుకుని. గొంతు పెంచలేదు.

"అన్నం చల్లారిపోతోంది. రా."

పొయ్యి ఇంకా వెలిగించలేదు. ఆ సంగతి నాకు తెలుసు, అతనికీ తెలుసు. అతను వెనక్కి తిరిగి అక్కను చూశాడు. ముందుకు రాని ఆ చేతుల వైపు చూశాడు. మళ్ళీ గోడ మీద, బడిపిల్ల దిద్దినట్టున్న ఆ చుక్కను చూశాడు.

"ఏంట్రా, అంత పరీక్షగా చూస్తున్నావు?" అన్నాడు మైకు.

"ఏం లేదన్నా." ముక్క అతని చేతిలోంచి జారింది. "సరిగ్గానే ఉంది."

ఆ సాయంత్రం మైకు మా అరుగు మీద కూర్చున్నాడు. అనుమానించినందుకు పరిహారంగా ఇక రోజూ కూర్చుంటానన్నాడు. నా భార్య టీ ఇచ్చింది. సగం తాగి గ్లాసు కింద పెట్టాడు.

"చెల్లెమ్మా, ఒకటి అర్థం కాలేదు. మీరుండేది ముగ్గురు. వాడు ఐదని రాశాడు. మిగతా ఇద్దరూ ఎవరు?"

నేను నా గ్లాసులోకి చూసుకున్నాను. లోపల నా బావమరిది మంచినీళ్ళు తాగుతున్నాడు.

"వాడికి లెక్కలు రావేమో అన్నయ్యా," అంది ఆమె.

లోపల నీళ్ళు పొలమారి ఎంతకీ ఆగని దగ్గు వినబడింది. మైకు చాలాసేపు ఆలోచించాడు. "అవునవును. చదువుకున్నవాడైతే ఇలాంటి పనులెందుకు చేస్తాడు!"

ఆ తర్వాత గోడ మీద కొత్తది రాలేదు. పదమూడు తేలిందో లేదో నేను అడగలేదు. వానలు పడేలోగా ఒప్పందం కుదిరింది, ఫ్యాక్టరీ తెరిచారు, నా చేతికి పెంకు అందింది. కంపెనీవాళ్ళు గోడకు మళ్ళీ సున్నం కొట్టారు. లారీల సంగతి చెప్పిందెవరో ఎవరికీ తేలలేదు. ఇప్పటికీ వరసలో నిలబడి పెంకు అందుకునేటప్పుడు ఇచ్చేవాడి కళ్ళలోకి ఒకసారి చూస్తాను. వాడూ నా కళ్ళలోకి చూస్తాడు.

నా బావమరిది పనిలోకి రాలేదు. వేరే చోట ఏదో చూసుకుంటానన్నాడు. అక్క కాళ్ళ దగ్గర కూర్చుని మూట కట్టుకున్నాడు. నాతో "వస్తా బావా" అన్నాడు, అంతే. ఆమె బస్సు దాకా వెళ్ళి వచ్చి, అతని పక్కబట్టలు ఉతికి ఆరేసి, సాయంత్రం తీసుకొచ్చి మడత పెట్టసాగింది.

"రాసేది వాడని నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"మొదట్లోనే. చొక్కాలు ఉతికేది నేనేగా."

"నాతో అనలేదే."

"నువ్వు షెడ్డు దాకా వెళ్ళొచ్చావు. నువ్వూ అనలేదు."

"వాడి సంగతి తేల్చుకుందామని ఆగాను."

"నేనూ అందుకే ఆగాను," అంది. "నీ సంగతి తేల్చుకుందామని."

తేలిందా అని అడగాలనిపించింది. అడగలేదు. ఆమె దుప్పటి రెండు కొసలు నా చేతికిచ్చింది. చెరో వైపు నిలబడి లాగి పట్టాం. దుప్పటి మడతపెట్టాలంటే మడత మడతకీ ఇద్దరూ ఒక అడుగు దగ్గరికి రావాలి. వచ్చాం, ఇద్దరం దుప్పటినే చూస్తూ.